నిద్రలో ఉన్న మనిషిని అడిగాను

నేను కాపురానికి వచ్చింది బోధన్ పక్కన ఒక ఊరికి. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా అత్తవారి పొలాలకు అందిన రెండో ఏడది. అంతకుముందు జొన్న పండిన చేలలో చెరుకు మనిషెత్తు లేచి నిలబడింది. నేను పుట్టి పెరిగింది నిజామాబాదులో. మా వాళ్లంతా ఆ పట్నాన్ని ఇంకా ఇందూరు అనే పిలిచేవాళ్లు. మా బాపుకు బజారులో చిన్న బట్టల దుకాణం. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో, పక్కింటివాళ్ల దగ్గు, ఎదురింటివాళ్ల పోట్లాట వింటూ నిద్రపోవడం నాకు అలవాటు. అత్తవారింట్లో చీకటి పడితే చెరుకు ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఆ చప్పుడులో నాకు నిద్ర పట్టేది కాదు.

నాకు నిద్ర నేర్పింది మా ఏరాలు, అంటే మా బావ భార్య. నాకన్నా ఆరేడేళ్లు పెద్దది. నేను అక్కా అని పిలిచేదాన్ని. అప్పటికి ఆమెకు మూడేళ్ల కూతురు. బెల్లం వండే కాలంలో మగవాళ్లంతా గానుగ దగ్గరే ఉండిపోతే, ఆడవాళ్లం నడిమింట్లో వరుసగా పడుకునేవాళ్లం. నేను అటూ ఇటూ దొర్లడం చూసి అక్క ఒకనాడు లేచి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"కండ్లు మూస్తే నిద్ర రాదే పిల్లా. ముందుగాల కాళ్లను ఇడిసిపెట్టు. ఇంకా ఇందూరు ఉరుకుదామన్నట్టే బిగవట్టినవ్ సూడు," అంటూ పాదాలు నొక్కింది.

నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే ఎప్పుడో నిద్రపోయాను.

ఆమె నిద్ర వేరే రకం. మాట్లాడుతూ మాట్లాడుతూ సగం మాటలో పడిపోయేది. పడ్డ కాసేపటికి మిగతా సగం నిద్రలో మొదలయ్యేది. ఆమె కలవరింత ఇంట్లో అందరికీ తెలిసిందే. "పాలు పొంగినయ్, దించుండ్రి!" అని ఆమె అరిస్తే, అరుగు మీదినుంచి మా మామ "దించినం తియ్యి బిడ్డా, పండుకో" అని జవాబిచ్చేవాడు. తెల్లవారి అదే చెప్పుకొని నవ్వుకునేవాళ్లం. ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంకేమన్న అన్ననా?" అని అడిగేది. ఆ అడగడంలో కొంచెం భయం ఉండేది. ఆ రోజుల్లో నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అలికిన నేల మీద మేమిద్దరమే పడుకుని ఉన్నాం. అత్త పక్క అర్రలో ఉంది. అక్క నిద్రలో "మూత పెట్టు" అంది. ఊరికే సరదాకి, "దేనికక్కా?" అన్నాను మెల్లగా.

"కుండకు."

"ఏ కుండకు?"

"మామిడికాయ ఒరుగుల కుండకు. చీమలు."

అడిగితే చెబుతోంది! లేచాక, "ఒరుగుల కుండకు మూత పెట్టలేదని కలవరించినవ్" అని మాత్రం చెప్పాను. నేను అడిగానని చెప్పలేదు. పోయి చూస్తే నిజంగానే కుండకు మూత లేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత అది నాకు ఆటయింది. దాచిన అరిసెలు ఎక్కడున్నాయో అడిగేదాన్ని. ఆమె పుట్టింటి సంగతులు అడిగేదాన్ని. బావ ఆమెతో ఎలా ఉంటాడో కూడా అడిగాను. అన్నింటికీ జవాబు వచ్చేది కాదు. వచ్చినవి నేను లోపల దాచుకునేదాన్ని. మేలుకొని ఉన్న మనిషి నాకు అక్క, నిద్రపోతున్న మనిషి నాకు ఆటబొమ్మ. అప్పుడు ఈ మాటల్లో అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

మా అత్త కలల మనిషి. పొద్దున్నే ముఖం కడగకముందే తన కల విప్పేది. పన్ను ఊడినట్టు వస్తే పెద్దవాళ్లకు కీడు, బురద నీళ్లు కనిపిస్తే జబ్బు, పచ్చని చేను కనిపిస్తే కడుపు పండుతుంది. మరీ చెడ్డ కల వస్తే ఎవరికీ చెప్పకుండా కాలువ దాకా నడిచిపోయి, పారే నీళ్లకు చెప్పి వచ్చేది. ఆ ఇంట్లో కలకు ఉన్న విలువ మనిషి మాటకు ఉండేది కాదు.

మరుసటి ఎండాకాలానికి నేను మూడు నెలల కడుపుతో ఉన్నాను. అక్క మారిపోయింది. అంత ఎండలోనూ మోచేతులు దాటిన రైక తొడిగేది. నా తల దువ్వడం మానేసింది. ఒకే కంచంలో తినేవాళ్లం, తన రొట్టె వేరే తీసుకుని దూరంగా కూర్చునేది. సొంత బిడ్డను కూడా పక్కలో వేసుకోకుండా నా దగ్గరికి తోసేది. నాకు చాలా బాధేసింది. నేను కడుపుతో ఉన్నందుకు ఆమెకు కన్ను కుట్టిందనుకున్నాను. ఆమెకు కూతురి తర్వాత ఒక కొడుకు పుట్టి పురిట్లోనే పోయాడు మరి. ఏమైంది అక్కా అని మేలుకొని ఉన్నప్పుడు ఒక్కసారి అడగొచ్చు. అడగలేదు. ఆమె నిద్రపోయేదాకా ఆగాను.

మధ్యాహ్నమే. పిల్ల నా పక్కన పడుకుని ఉంది. అక్క దూరంగా, గోడ వైపు తిరిగి ఏదో గొణుగుతోంది.

"అక్కా, నా మీద కోపమొచ్చిందా?"

చాలాసేపటికి, "కోపమెందుకు?" అంది.

"మరెందుకు దూరం బెడుతున్నవ్?"

"అంటుకుంటది."

"ఏమంటుకుంటది?"

"మచ్చ," అంది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "సూది గుచ్చిన. తెలుస్తలేదు. ఎవ్వలకు జెప్పకు."

"చెప్ప," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. నిద్రలో ఉన్న మనిషికి ఇచ్చిన మాట కూడా మాటే.

సూది గుచ్చినా తెలియని మచ్చ అంటే పెద్దరోగం, కుష్ఠు. అదేమిటో నాకు తెలుసు. బోధన్ అంగడి రోజున చేతులకు గుడ్డలు చుట్టుకుని, దూరంగా గిన్నె పెట్టి కూర్చునేవాళ్లను చూశాను. నా చెయ్యి దానంతట అదే పొట్ట మీదికి పోయింది. ఒక సంవత్సరం పాటు ఆమె చేతి ముద్ద తిన్నాను, ఆమె దువ్వెనతో దువ్వుకున్నాను. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో నాడు పొద్దున్నే అత్త ముందు కూర్చున్నాను. ఏరాలు నిద్రలో ఉంటే అడిగి తెలుసుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది. అందుకని, "అత్తా, నాకో కలవడ్డది" అన్నాను.

"ఏం కల బిడ్డా? తెల్లారంగనా?"

"తెల్లారంగనే. ముఖం నిండ పసుపు బూసుకున్న ముసలవ్వ వచ్చింది. అక్క రైక పట్టుకుని, దీని కింద ఏమున్నదో సూడుమని చెప్పి పోయింది."

"అమ్మవారే వచ్చి చెప్పింది," అంది అత్త. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ తర్వాత అక్కను పిలిచింది.

అత్త అరవలేదు. "చెయ్యి సూపు బిడ్డా," అంది అంతే. అక్క ముందు అత్తను, తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. అనుమానం ఉండి ఉంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. ఆశ్చర్యం మాత్రమే ఉంది. రైక పైకి మడిచింది. మోచేతికి పైన తమలపాకంత మచ్చ, చుట్టూ ఎర్రగా, నడుమ పాలిపోయి ఉంది. అత్త సూది తెమ్మంది. తెచ్చింది నేనే.

బావ ఆమెను బోధన్‌లో హకీం సాబు దగ్గరికి తీసుకుపోయాడు. మా మామ కాలం నుంచీ ఇంటికి మందు ఇచ్చే ముసలాయన. ఆయన మచ్చను వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "ఇది నా చేతుల లేదు బేటా. డిచ్‌పల్లి దవాఖానకు పోవాలె. జల్ది పోతె మంచిగయితది," అన్నాడట.

మూడో రోజు కచ్చురం, అదే గూడు బండి, కట్టారు. ఇందూరు దాకా బండి, అక్కడినుంచి డిచ్‌పల్లికి రైలు. పిల్ల నా చంకలో ఉంది. అవ్వ దగ్గరికి, అంటే వాళ్లమ్మ దగ్గరికి, పోతానని ఒకటే కాళ్లు కొట్టుకుంటోంది. అక్క పిల్లను ముట్టుకోలేదు. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి, నాతో అంది: "భయపడకు. నీ కల మంచి కలనే. ఆ తల్లే నీ నోట చెప్పిచ్చింది. నా బిడ్డ పైలం."

బండి చెరుకు తోటల మధ్య మలుపు తిరిగేదాకా నేను నోరు తెరవలేదు.

ఆ తర్వాత నాకు నిద్ర అంటే భయం పట్టుకుంది. నేను కూడా కలవరిస్తానేమో, ఎవరైనా వింటారేమో! పొద్దున లేవగానే మా ఆయనను, "నేనేమన్న మాట్లాడిన్నా?" అని అడిగేదాన్ని. "లేదు. ఏం మాట్లాడుతవ్?" అనేవాడు ఆయన. కళ్లు మూతపడబోయే సరిగ్గా ఆ క్షణంలో ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. కడుపుతో ఉన్నదానికి నిద్ర సరిగా పట్టదులే అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు.

దానికి తోడు, అమ్మవారు కలలో కనిపించిన కోడలినని ఊళ్లో పేరొచ్చింది. ఆడవాళ్లు తమ కలలు మూటగట్టుకుని వచ్చేవాళ్లు. ఎండిపోయిన బావి కనిపించిందనీ, చచ్చిపోయిన తండ్రి వచ్చి నీళ్లడిగాడనీ చెప్పి, అర్థం చెప్పమనేవాళ్లు. మొదట్లో నాకేం తెలుసని తప్పించుకున్నాను. అత్త ఊరుకునేది కాదు. అందుకని అందరికీ మంచే జరుగుతుందని చెప్పేదాన్ని. వాళ్లు నా కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగేదాన్ని. అదీ వినయమే అనుకున్నారు.

నాకు కొడుకు పుట్టాడు. ఏ మచ్చా లేదు. అక్క బిడ్డ నన్ను చిన్నవ్వా అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. ఏడాది తిరగకుండానే అత్త బావకు రెండో పెళ్లి చేసింది. "అక్కకు నయమైతె ఎట్ల?" అని నేను ఒక మాట అడిగి ఉండొచ్చు. అమ్మవారి కల వచ్చినదాన్ని కదా, నా మాటకు విలువ ఉండేది. అడగలేదు. అక్క పేరు ఎత్తితే నా గొంతు వణుకుతుందని, ఆ వణుకు ఎవరైనా కనిపెడతారని ఊరుకున్నాను.

మూడేళ్ల తర్వాత, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజుల్లో, అక్క తిరిగి వచ్చింది. మచ్చ మాసిపోయింది. ఇక ఎవరికీ అంటదని దవాఖాన వాళ్లు రాసిచ్చిన కాగితం తెచ్చింది. మా ఇంట్లో ఆ కాగితం ఎవరూ చేతిలోకి తీసుకోలేదు. అత్త ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చెంబు తాకనివ్వకుండా పైనుంచి చేతుల్లో తాగే నీళ్లు పోసింది. ఆమె ఉండటానికి గానుగ పక్క కొట్టం ఊడ్పించింది. లోపల కొత్త కోడలు. బావ పొలం నుంచి ఇంటికి రావడమే ఆలస్యం చేసుకున్నాడు. పిల్లకు ఏడేళ్లు. నా వెనక దాక్కుని, "ఆమె ఎవరు చిన్నవ్వా?" అని అడిగింది.

తొమ్మిది రోజులున్నది. పదో రోజున తానే గుడ్డలు సర్దుకుంది. నేను రొట్టెలు కట్టిస్తుంటే దగ్గరికి వచ్చి చేతులు చాపి చూపించింది. పది వేళ్లూ నిండుగా, తిన్నగా ఉన్నాయి.

"డాక్టరు దొరసాని ఏమన్నదో తెల్సా? ఇంకో రెండేండ్లు దాసుకుని ఉంటే వేళ్లు వంకర వోతుండె అన్నది. నీ కలనే నన్ను కాపాడింది."

"ఇంట్లనే ఉండు అక్కా," అన్నాను.

"ఏడుండాలె? నాకక్కడ పని ఇచ్చిండ్రు. ఊళ్లె ఒక అర్ర కిరాయికి తీసుకున్న. పోత."

ఆమె కృతజ్ఞత చెప్పి పోయాక ఆరు నెలలు, ఆమె దవాఖానలో ఉన్న మూడేళ్ల కన్నా కష్టంగా గడిచాయి. తిట్టిన మాటనైతే మోయొచ్చు. మొక్కిన మొక్కును ఎట్లా మోస్తాం? బాపును చూసే సాకుతో ఇందూరు పోయి, అక్కడినుంచి ఒక్కదాన్నే పొద్దుటి రైల్లో డిచ్‌పల్లి దిగాను.

దవాఖాన వెనక వరండాలో కూర్చుని ఉంది. ఉతికి ఆరేసిన కట్టు గుడ్డలను చుట్టలు చుట్టే పని ఆమెది. నన్ను చూసి ముఖం విప్పారింది. పిల్ల ఎట్లుంది, నా కొడుకు ఎట్లున్నాడు, అన్నీ అడిగింది. ఇంకా ఆలస్యం చేస్తే చెప్పలేనని తెలిసింది.

"అక్కా, నాకా కల రాలే."

"ఏ కల?"

"అమ్మవారి కల. నేనే పుట్టిచ్చిన. సూది గుచ్చితే తెలుస్తలేదని నువ్వే నిద్రల జెప్పినవ్."

ఆమె చేతులు ఆగాయి. "నేనే కలవరించిన్నా?"

అక్కడ అవునని ఊరుకుంటే సరిపోయేది. ఆ సందు నాకు కనిపించింది కూడా.

"కాదు. నేనడిగిన. అడిగితే చెప్పినవ్."

"నిద్రల ఉంటే అడిగినవా?"

"అడిగిన."

"ఎన్నిసార్లు?"

"ఆ ఎండాకాలం. అంతకుముందు ఎండాకాలం గూడ. మీ అవ్వ సంగతి అడిగిన. బావ సంగతి అడిగిన."

ఆమె ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబోయింది. చుట్టిన గుడ్డను విప్పి మళ్లీ మొదటినుంచి చుట్టింది.

"అత్తకు చెప్పినందుకు నిన్నేమనను. కడుపుతోటి ఉన్నవ్, భయపడ్డవ్. నేనైతే గూడ చెప్తుంటినేమో. గని నేను లేసినంక అడగకపోయినవ్? ఆ ఇంట్ల నీ పక్కన పండుకుంటెనే నాకు నిమ్మళమయ్యేది."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఇంకోటి జెప్పనా? ఇక్కడ నూనె సూదులు పొడిస్తరు. వారం వారం. గడ్డలు లేస్తయి, జరమొస్తది. ఇంత మందిల నన్ను ఆ తల్లి సూసింది, నా కోసం కలలకు వచ్చిందనుకుని మూడేండ్లు ఓర్సుకున్న. ఇప్పుడు అదీ లేదంటున్నవ్."

నా గుండె బరువు దింపుకోవడానికి పోయి, ఆమెకు ఉన్న ఒక్క ఆసరా తీసేసి వచ్చాను. చెప్పకుండా ఉంటే మంచిదా, చెప్పడమే మంచిదా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

"ఇగ పో. రైలు టైమైతది," అంది. రైలుకు ఇంకా మూడు గంటలుంది.

నాలుగు నెలల దాకా ఏ కబురూ లేదు. తర్వాత ఎవరిచేతనో రాయించిన కార్డు నా పేరుకు వచ్చింది. క్షేమ సమాచారాలు లేవు. "ఎండాకాలంలో నా బిడ్డను నాలుగు రోజులు పంపగలవు" అని ఒక్క ముక్క.

ఇంట్లో చెప్పాను. బావ తల వంచుకున్నాడు. కొత్త కోడలు లోపలికి పోయింది. అత్త నా వైపు తిరిగి, "నీకేమన్న మళ్ల కలవడ్డదా?" అని అడిగింది. అవునని ఒక్క మాటంటే పని అయిపోయేది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది.

"లేదత్తా. ఏ కల రాలే. అప్పుడు గూడ రాలే. అక్క నిద్రల చెప్తే విని, కల అని నీకు చెప్పిన. ఇప్పుడు ఆమె బిడ్డను ఆమె అడుగుతున్నది. అంతే."

"అబద్ధమా? నేను తల్లికి చీరె పెట్టి మొక్కు తీర్సుకున్న గదనే!" అంది అత్త. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం అరుగు మీదినుంచి మా మామ, "తోలుకపో బిడ్డా. తల్లి దగ్గరికి పోనీకి కలలెందుకు," అన్నాడు. మామ అన్నాక బావ మారుమాట్లాడలేదు. కలల కోసం నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఆ వారం నుంచి రావడం మానేశారు. కొందరు బావి దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. నాకది న్యాయంగానే అనిపించింది.

డిచ్‌పల్లిలో అక్క అర్ర చిన్నది. ముందర ఒక వేపచెట్టు, కొత్తగా వేసిన తాటాకు పందిరి. పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. దారి పొడుగునా ఆలోచించుకున్నట్టుంది, సూటిగా అడిగింది: "నిన్ను ముట్టుకోవచ్చునా?"

"ముట్టుకోవచ్చు బిడ్డా. నీకిష్టమైతెనే."

పిల్ల వెంటనే ముట్టుకోలేదు. పోయి పందిరి కింద కూర్చుంది. అక్క తొందరపెట్టలేదు. పుంటికూర పప్పు, జొన్న రొట్టె వడ్డించింది. నేను లేవబోతుంటే నా ముందు కూడా కంచం పెట్టి, "తిని పో," అంది. ఆ రోజు నాతో అన్నది ఆ రెండు మాటలే. తిన్నాను. కంచం ఊడ్చి తిన్నాను.

నాలుగు రోజుల తర్వాత తీసుకురావడానికి పోయాను. రైలు వచ్చే వేళకు ముగ్గురం స్టేషన్‌లో ఉన్నాం. పిల్ల ఉన్నట్టుండి, "ఇంకో రెండు రోజులుంట," అంది. అక్క నా ముఖం చూసింది.

"నన్ను అడగకు అక్కా," అన్నాను.

"నిన్నే అడగాలె. పెంచింది నువ్వు," అంది. ఆ గొంతులో ప్రేమ లేదు, కోపమూ లేదు. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పింది.

"ఎన్ని రోజులైన ఉండనీ," అన్నాను.

రైలు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను. అక్క ఒకసారి తల ఆడించింది. పిల్ల నా వైపు చూడలేదు. వాళ్లవ్వతో ఏదో గడగడా చెబుతూ ఉంది.